ఆకు మీద హక్కెవరిది?

మొక్క ఇమ్మంటే ముఖం ముడుచుకునేవాళ్లు కూడా ఆకు ఇమ్మంటే కాదనరు. "పిన్నిగారూ, ఆ వెండిమచ్చల ఆకు ఒకటి తుంచుకోనా?" "అదెంత భాగ్యం, రెండు తీసుకోమ్మా." మన అపార్ట్‌మెంట్లలో బిగోనియా ఒక గుమ్మం నుంచి మరో గుమ్మానికి పాకిన దారి ఇదే. నర్సరీకి వెళ్లే పని లేదు, కుండీ మోసుకొచ్చే బాధ లేదు. ఆకును తడిగుడ్డలో చుట్టి బ్యాగులో వేసుకుంటే విజయవాడ నుంచి ఢిల్లీ దాకా రైల్లో వచ్చేస్తుంది. రెండు నెలల తరువాత దాని పిల్లలు కిటికీ గట్టు మీద కూర్చుంటాయి.

ఆకు నుంచి మొక్క రావడం మనకు కొత్తేమీ కాదు. రణపాల ఆకును పుస్తకంలో దాచి, అంచుల్లో పిల్లమొక్కలు ఎప్పుడొస్తాయా అని రోజూ తెరిచి చూడని బడిపిల్లలు తక్కువ. కానీ రణపాల కథ వేరు. ఆ ఆకు అంచు గాట్లలో మొలకలకు చోటు ముందే సిద్ధమై ఉంటుంది. ఆకు తల్లి నుంచి విడిపోతే అవి నిద్ర లేస్తాయి. బిగోనియా ఆకులో అలాంటి ఏర్పాటేదీ లేదు. ఈనెను కోస్తే, ఆ గాయం పక్కనున్న కణాలు, ఆకుగా బతకడానికే కుదిరిపోయిన కణాలు, చేస్తున్న ఉద్యోగం మానేసి మళ్లీ మొదటి నుంచి విభజన మొదలుపెడతాయి. అందులో కొన్ని వేర్లవుతాయి, కొన్ని మొగ్గలవుతాయి. రూపాయి బిళ్లంత ఆకు ముక్కలో ఒక ఈనె ఉంటే చాలు, పూర్తి మొక్క వస్తుంది. ఈ గుణమే బిగోనియాను లోకమంతా తిప్పింది. దాని చుట్టూ పేటెంట్లు, చట్టాలు పుట్టడానికీ ఇదే కారణం. చట్టాల సంగతి కాసేపు ఆగుదాం, ముందు ఆకు పని చూద్దాం.

మరీ లేతదీ మరీ ముదురుదీ కాని ఆకును ఎంచుకోవాలి. మచ్చలు, తెగులు లేకుండా ఉండాలి. కొత్త బ్లేడుతో, ఆకు వెనకవైపు లావాటి ఈనెలు చీలే చోట్ల అడ్డంగా నాలుగైదు గాట్లు పెట్టాలి. కొబ్బరి పొట్టు, కడిగిన ఇసుక సమానంగా కలిపి తడిపి, చేత్తో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలే స్థితిలో ఒక పళ్లెంలో పరచాలి. ఆకును దాని మీద, ముఖం పైకి ఉండేలా పడుకోబెట్టాలి. గాట్లు పొట్టును తాకకపోతే వేరు రాదు కాబట్టి తలపిన్నులతోనో చిన్న గులకరాళ్లతోనో ఆకును అదిమిపెట్టాలి. మిఠాయి కొట్టువాడిచ్చే పారదర్శక ప్లాస్టిక్ డబ్బా ఉంటే ఇంకా మంచిది: అడుగున పొట్టు, పైన మూత, సొంత వాతావరణం. వెలుతురు బాగా రావాలి, ఎండ పొడ మాత్రం తగలకూడదు. మూత లోపల నీటి చుక్కలు ధారలు కడుతుంటే రోజుకు పది నిమిషాలు తెరిచి ఉంచాలి.

రెండు మూడు వారాల్లో వేర్లు వస్తాయి, అవి కంటికి కనబడవు. ఓపిక పోయేది ఇక్కడే. ఆకు వాడకుండా, కుళ్లకుండా ఉంటే పని జరుగుతున్నట్టే. ఆరు నుంచి పది వారాల మధ్య గాటు దగ్గర ఆవగింజంత మొలక లేస్తుంది. కొన్నిసార్లు ఒక్కో గాటుకు మూడు నాలుగు. ఒక్కో పిల్లకు రెండు మూడు ఆకులు వచ్చేదాకా విడదీయకూడదు. తల్లి ఆకు అప్పటికి గోధుమ రంగుకు తిరిగి కరిగిపోతూ ఉంటుంది. దాన్ని పీకేయాలనిపిస్తుంది, పీకకండి. పిల్లలకు ఇంకా ఎంతో కొంత అన్నం పెడుతున్నది అదే.

ఆకును త్రికోణాలుగా కోసి, ప్రతి ముక్కలో ఒక పెద్ద ఈనె ఉండేలా చూసి, మొన వైపు పొట్టులో గుచ్చడం ఇంకో పద్ధతి. ఒక్క ఆకు నుంచి పది మొక్కలు కావాలనుకునే వాళ్లది ఈ దారి. రెండంగుళాల కాడతో ఆకును నిలబెట్టి నాటడం మూడోది. అన్నిటికన్నా సులువైనది, ఫలితం తక్కువది. కాడను గ్లాసెడు నీళ్లలో ఉంచినా వేరొస్తుంది. అయితే నీళ్లలో పుట్టిన వేరు మట్టికి మారేటప్పుడు అలుగుతుంది.

అన్ని బిగోనియాలూ ఈ మాట వినవు. నేలబారున దుంపకాండంతో పాకేవి, ముఖ్యంగా రంగురంగుల ఆకుల రెక్స్ రకాలు, ఆకుతో లేస్తాయి. వెదురులా కణుపులతో నిటారుగా పెరిగి, రెక్కల్లాంటి ఆకులు, గుత్తులుగా వేలాడే పూలు ఉండే రకాలతో పేచీ వస్తుంది. వాటి ఆకును నాటితే వేరు పుష్కలంగా పడుతుంది, నెలల తరబడి పచ్చగా ఉంటుంది, మొలక మాత్రం రాదు. వేరున్న ఆకు, అంతే. పనంతా చేసి పదోన్నతి రాని గుమాస్తాలా. వాటికి రెండు మూడు కణుపులున్న కొమ్మ ముక్క కావాలి. పార్కుల్లో అంచులు కట్టే చిన్న ఆకుల, మైనం మెరుపు రకానికి మొదలు దగ్గర లేచే పూలు లేని రెమ్మ తీసుకోవాలి. పూత మీదున్న కొమ్మను నాటితే అది పూస్తూనే ఉంటుంది, వేరు మీద శ్రద్ధ పెట్టదు.

మన ఎండలకు ఇవి ఆగుతాయా అన్నది తెలుగు నేల మీద ముందుగా వచ్చే ప్రశ్న. వరంగల్‌లోనో రామగుండంలోనో 44 డిగ్రీల మే నెలలో రెక్స్ బిగోనియాను బాల్కనీలో పెట్టడం దాన్ని పొయ్యి మీద పెట్టడమే. దానికి 18 నుంచి 26 డిగ్రీలు, గాలిలో తేమ కావాలి. విశాఖలో తేమ ఉంది, వేడి కాస్త ఎక్కువ. హైదరాబాద్‌లో వానాకాలం నుంచి ఫిబ్రవరి దాకా హాయి, తరువాత యుద్ధం. ఏసీ గదిలో పెడితే చల్లదనం దొరుకుతుంది కానీ గాలి ఎండిపోయి ఆకు అంచులు కాగితంలా మాడతాయి. నగరపు ఇంట్లో రెక్స్‌కు అన్నిటికన్నా అనువైన చోటు స్నానాల గది కిటికీ. నవ్వు వచ్చినా నిజం: రోజుకు నాలుగుసార్లు ఆవిరి, మిగతా వేళల్లో మసక వెలుతురు. కణుపుల రకాలు మాత్రం మొండివి. ఉదయపు ఎండ ఒక గంట తగిలే తూర్పు బాల్కనీలో వేసవిని ఈడ్చుకొస్తాయి. మైనం ఆకుల రకాన్ని మన దగ్గర శీతాకాలపు పూల మొక్కగా చూస్తే నిరాశ ఉండదు.

వేసవిలో పోయే బిగోనియాల్లో ఎక్కువ భాగం దాహంతో పోవు. ఆకు వాలిందని నీళ్లు పోస్తాం, ఇంకా వాలిందని ఇంకా పోస్తాం. అది వాలింది వేర్లు కుళ్లబట్టి. పై మట్టిలో వేలి కణుపు దాకా పొడిగా తగిలితేనే నీళ్లు. ప్లాస్టిక్ కుండీ కన్నా మట్టి కుండీ మేలు, లోతు కన్నా వెడల్పు మేలు. కుండీ మట్టిలో సగం ఆకుల ఎరువు, మిగతా సగంలో కొబ్బరి పొట్టు, ముతక ఇసుక, కాసిని బొగ్గు ముక్కలు. కోనసీమలో కొబ్బరి పీచు పరిశ్రమ వదిలే పొట్టు ఒకప్పుడు చెత్త; ఇప్పుడు ఇటుకలుగా కట్టి అమ్ముతున్నారు. దాన్ని రెండుసార్లు కడిగి వాడితే ఉప్పు పోతుంది. సాయంత్రం పూట ఆకుల మీద నీళ్లు చల్లకూడదు. తెగుళ్లకు అంతకన్నా మంచి ఆహ్వానం లేదు.

ఇలా కిటికీ గట్టు మీద పెట్టుకుని గారాబం చేసే మొక్క ఎక్కడిది? బిగోనియా ప్రజాతిలో 2,000కు పైగా జాతులున్నాయి. పూల మొక్కల ప్రజాతుల్లో అతి పెద్ద వాటిలో ఇదొకటి. పేరు 17వ శతాబ్దపు ఫ్రెంచి అధికారి మిషెల్ బెగాన్‌ది. కరేబియన్ దీవుల్లోని ఫ్రెంచి వలసలో ఆయన పాలనాధికారి. అక్కడ మొక్కలు వెతికిన చార్లెస్ ప్లూమియె తన పోషకుడి పేరు పెట్టాడు. మనం దేవగన్నేరు అని పిలిచే ప్లుమేరియా ఈ ప్లూమియె పేరిటే ఉంది. రాజ్యం మొక్కల మీద తన ముద్ర వేసే పని అలా మొదటి రోజే జరిగిపోయింది.

పెద్ద గులాబీల్లాంటి పూలు పూసే దుంప రకాలు ఆండీస్ పర్వతాలవి. 1860ల్లో ఇంగ్లండ్‌లోని వీచ్ నర్సరీ కోసం రిచర్డ్ పియర్స్ బొలీవియా, పెరూ కొండల నుంచి పంపిన జాతులతో వాటి సంకరం మొదలైంది. శీతాకాలంలో నగరాల్లో పూల దుకాణాలు కుండీలతో సహా అమ్మే ముద్దపూల రీగర్ బిగోనియాలకు పూర్వీకుల్లో ఒకటి యెమెన్‌కు చెందిన సొకోత్రా దీవిది. 1880లో ఐజాక్ బెయిలీ బాల్ఫర్ దాన్ని అక్కడి నుంచి తెచ్చాడు. పగలు చిన్నదైనప్పుడు పూసే గుణం ఆ దీవి మొక్క ఇచ్చిన ఆస్తి. ఇక ఆకుల అందానికి పేరుపడ్డ రెక్స్ మనది. అస్సాం నుంచి 1850ల మధ్యలో ఆర్కిడ్ల సరుకుతో పాటు వెళ్లి బెల్జియం నర్సరీ వ్యాపారి జ్యాఁ లిండెన్ చేతికి చేరిందని ఉద్యాన చరిత్రకారులు చెబుతారు. 1857లో పుట్జీస్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. లాటిన్‌లో రెక్స్ అంటే రాజు. వెండి, ఊదా, ఎరుపు కలిసిన ఈనాటి వందలాది రెక్స్ రకాల్లో ప్రవహించేది ఆ అస్సాం మొక్క రక్తమే.

తెలుగువాళ్లకు దగ్గరి పేరు ఇంకొకటుంది: బిగోనియా రాక్స్‌బర్గై. విలియం రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానానికి 1793లో వెళ్లకముందు పన్నెండేళ్లు మన సామర్లకోటలో ఉన్నాడు. మిరియాలు, నీలిమందు, చెరకు మీద ప్రయోగాలు చేశాడు, కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలు గీయించాడు. ఆయన పేరు మోస్తున్న ఈ తెల్లపూల బిగోనియా మాత్రం ఈశాన్య కొండలది. అక్కడ దీన్ని కుండీలో పెంచరు, వండుకు తింటారు. మన పులిచింతాకు పులుపూ, దీని పులుపూ ఒకటే ఆమ్లం, ఆక్జాలిక్. సిక్కిం, డార్జిలింగ్ ప్రాంతపు నేపాలీలు అడవి బిగోనియాలను మగర్ కాంచే అంటారు, కాడలతో పచ్చడి చేస్తారు. గోంగూర తినే జాతికి ఈ రుచి అర్థం చేసుకోవడం కష్టం కాదు. (మన కుండీల్లోని సంకర రకాలతో ప్రయోగాలు వద్దు, దుంపల్లో ఆ ఆమ్లం మోతాదు ఎక్కువ, మూత్రపిండాల జబ్బున్న వాళ్లకు అసలే మంచిది కాదు.)

ఇప్పుడు చట్టం దగ్గరికి. అమెరికాలో కొన్న బిగోనియా కుండీలో కొన్నిసార్లు చిన్న ప్లాస్టిక్ చీటీ గుచ్చి ఉంటుంది. నీళ్లెంత, ఎండెంత అన్న సూచనల కింద మరో వాక్యం: ఈ మొక్క నుంచి పిల్లమొక్కలు తీయడం నిషిద్ధం. చదివి నమ్మకపోవచ్చు, కానీ చట్టం ఉంది. విత్తనంతో కాకుండా కొమ్మ, ఆకు, అంటు ద్వారా పెంచే కొత్త మొక్కలకు అమెరికా 1930లోనే పేటెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. గడువు 20 ఏళ్లు. ఆ లోపల పిన్నిగారు ఆకు తుంచి ఇస్తే ఆమె చేసేది చౌర్యం, తీసుకున్న అమ్మాయి భాగస్వామి. ఏ కంపెనీ కూడా కిటికీ గట్ల మీద దాడులు చేయించదు, దాని చూపు పోటీ నర్సరీల మీద. అయినా చట్టం మాట చట్టం మాటే: ఆకుకున్న సహజగుణానికి లైసెన్సు కావాలి.

భారత్ ఈ దారిలో పోలేదు. మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(జె) ప్రకారం మొక్కలకూ, వాటి భాగాలకూ పేటెంటు లేదు. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం కొత్త రకాలు సృష్టించిన వాళ్లకు హక్కులిస్తూనే, విత్తనం దాచుకోవడం, మార్చుకోవడం రైతు హక్కని రాసింది. ఈ సమతూకం మీద విమర్శలున్నాయి. కొత్త రకాలు తెచ్చేవాడికి ఏం మిగులుతుందని పూల ఎగుమతిదారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక మంచి సంకరం వెనుక ఏళ్ల ఎంపిక, వేల మొలకల తిరస్కారం ఉంటుంది. కానీ అదే న్యాయాన్ని ఇంకాస్త వెనక్కి తీసుకెళితే చిక్కొస్తుంది. సంకరానికి పేటెంటు ఉంది సరే, దాని ముత్తాత ఊరికి ఏముంది? 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందం జన్యువనరుల మీద ఆయా దేశాలకు సార్వభౌమాధికారం ఉందని చెప్పింది. 2010 నాటి నగోయా ఒప్పందం లాభాల పంపిణీకి నియమాలు పెట్టింది. రెండూ వెనకటి తేదీకి వర్తించవు. 1850ల్లో ఓడెక్కిన రెక్స్ లెక్కలోకి రాదు. ముత్తాత ఊరు అస్సాం, మనవడి పట్టా అమెరికాది.

మొక్కతో రాజకీయం చేయడంలో అందరినీ మించింది ఉత్తర కొరియా. 1988లో కిమ్ జోంగ్ ఇల్ 46వ పుట్టినరోజు సందర్భంగా జపాన్ ఉద్యాన నిపుణుడు కమో మొతొతెరు ఒక ఎర్రటి దుంప బిగోనియాను బహూకరించాడు. దాని పేరు కిమ్‌జోంగిలియా. ఆ నాయకుడు 2011లో చనిపోయాడు, పువ్వు కొలువులోనే ఉంది. ఏటా ఫిబ్రవరి 16 నాటికి ప్రదర్శనల నిండా అది విరగబూయాలి. ఫిబ్రవరి ప్యాంగ్యాంగ్‌లో నీళ్లు గడ్డకడతాయి. కాబట్టి వేడి గాజుగదులు కావాలి, విద్యుత్తు కొరతున్న దేశంలో. తండ్రి కిమ్ ఇల్ సంగ్ పేరిట ఉన్నది ఆర్కిడ్. 1965లో ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో ఇచ్చిన కానుక. ఒకే రకం మొక్క వేల సంఖ్యలో, ఒకే రోజున, ఒకే రంగులో పూయించాలన్న కోరిక ఏకవ్యక్తి పాలనకు సహజమే. అన్నీ ఒకేలా ఉండాలంటే బిగోనియా కన్నా అనువైనది కూడా అరుదు.

ఆ అనువే దాని బలహీనత. ఆకు నుంచి వచ్చిన పిల్ల తల్లికి కూతురు కాదు, తల్లే. 1840ల్లో జర్మనీలో పుట్టిన ఎరిత్రోఫిల్లా అనే సంకరం, గుండ్రటి మందపు ఆకు, అడుగున ఎరుపు, ఈనాటికీ అమెరికా వంటిళ్ల కిటికీల్లో ఉంది. అన్ని ఖండాల్లో ఉన్న లక్షల కుండీల్లో ఉన్నది ఒకే ఒక్క మొక్క, పద్దెనిమిది దశాబ్దాలుగా ముక్కలవుతూ వస్తున్నది. సరిగ్గా అదే 1840ల్లో ఐర్లండ్ పొలాల నిండా ఇలాగే ముక్కలు నాటిన బంగాళాదుంపలు ఒక్క తెగులుకు వరసగా కుళ్లిపోయాయి, పది లక్షల మంది ఆకలితో, జబ్బులతో చనిపోయారు. బిగోనియా పోతే ఎవరూ ఆకలితో చావరు. కానీ ఒకే మొక్క లక్ష కుండీల్లో ఉందంటే ఆ జాతి భద్రంగా ఉన్నట్టు కాదని చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ లేదు.

కొండల మీద పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. కుండీలో ఇంత సులువుగా లేచే బిగోనియా అడవిలో గడప దాటదు. దాని విత్తనం ధూళి లాంటిది. గ్రాముకు యాభై వేలకు పైగా తూగే రకాలున్నాయి. అంత తేలికైతే గాలికి దేశాలు తిరగాలి కదా. కానీ నీడపట్టు అడవి అడుగున, వాగు పక్క రాతి గోడ మీద గాలే ఆడదు. విత్తనం తల్లి పక్కనే రాలుతుంది. తేమ, నీడ, రాయి మూడూ కుదిరితే తప్ప మొలవదు. ఈ లోయలో ఒకటి, పక్క లోయలో మరొకటి. వేల ఏళ్లు విడివిడిగా బతికి వేర్వేరు జాతులయ్యాయి. రెండు వేల జాతులు రావడానికి ఒక కారణం ఇదే. ఒక్క కొండచరియ కూలితే ఒక జాతి పోయే ప్రమాదానికీ కారణం ఇదే.

మన దేశంలో యాభైకి పైగా బిగోనియా జాతులుంటే వాటిలో పెద్ద వాటా ఈశాన్యానిది, అందులోనూ అరుణాచల్ ప్రదేశ్‌ది. పశ్చిమ కనుమల్లో వానలు పడగానే రాళ్ల మీద గులాబీ రంగు పూలతో లేచి, వానలతోనే ముగిసిపోయే చిన్న జాతులున్నాయి. అరుణాచల్‌లో 2010 తరువాత కూడా శాస్త్రానికి కొత్త జాతులు దొరుకుతూనే ఉన్నాయి. సి.బి.క్లార్క్ 1879లో వర్ణించిన బిగోనియా టెస్సరికార్పా వందేళ్లకు పైగా ఎవరి కంటా పడక, ఈ శతాబ్దంలో బొటానికల్ సర్వే పరిశోధకులకు అక్కడే మళ్లీ దొరికింది. శాస్త్రవేత్తలకు కనబడలేదు అంటే ఊళ్లో వాళ్లకు కనబడలేదని కాదు. వాళ్లు దాన్ని వాడుతూనే ఉన్నారు.

ఆ రాష్ట్రంలో రోడ్లు అవసరం. సరిహద్దు అవతల చైనా ఎన్ని రోడ్లు వేసిందో చూసిన వాళ్లెవరూ కాదనలేరు. 2008లో ప్రకటించిన ట్రాన్స్ అరుణాచల్ హైవే కోసం అక్కడి జనం ఏళ్ల తరబడి ఎదురు చూశారు. కానీ కొండను నిలువునా కోసి, ఆ మట్టిని కిందికి వాగులోకి తోసేయడమే రోడ్డు వేసే తీరైనప్పుడు బిగోనియాకు చోటుండదు. అది పెరిగేది సరిగ్గా ఆ వాలులో, ఆ వాగు గట్టు మీద. పర్యావరణ ప్రభావ నివేదికల్లో పులి, ఏనుగు పేర్లుంటాయి. పులుపు కాడల మొక్కకు ఒక వరుస దొరకడం కష్టం.

అలాంటప్పుడు ఆకు తెచ్చి కుండీల్లో దాచుకుంటే సరిపోదా? ఎడిన్‌బరో రాయల్ వృక్షోద్యానం, గ్లాస్గో వృక్షోద్యానం పెద్ద బిగోనియా సేకరణలు నడుపుతున్నాయి. పరిశోధనకు అవి అమూల్యం. అయితే ఒక లోయ నుంచి ఒక ఆకు తెస్తే ఒక వ్యక్తిని తెచ్చినట్టు, ఊరిని తెచ్చినట్టు కాదు. ఊరంతా రావాలంటే విత్తనం కావాలి, అదీ చాలా మొక్కల నుంచి.

విత్తనంతో పెంచడం ఇంట్లోనూ చేయొచ్చు, ఓపిక రెండింతలు కావాలి. బిగోనియాలో మగ పువ్వు, ఆడ పువ్వు వేరు, ఒకే మొక్క మీద. మగవి ముందు విచ్చుకుని రాలిపోతాయి. మొగ్గలు రాలుతున్నాయని తెగులు మందు కొట్టేవాళ్లున్నారు, అది జబ్బు కాదు. ఆడ పువ్వు వెనుక మూడు రెక్కల కాయ ఉంటుంది. చాలా జాతుల్లో ఆడ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి ఉండదు. మధ్యలోని పసుపు కీలాగ్రాలు మగ పువ్వు కేసరాల్లా కనబడి తేనెటీగను మోసం చేస్తాయి. మూసిన బాల్కనీలో తేనెటీగ రాదు కనుక మగ పువ్వును తుంచి ఆడ పువ్వు మీద మనమే అద్దాలి. కాయ ఎండి గోధుమ రంగుకు వచ్చాక తెల్ల కాగితం మీద తట్టితే దుమ్ము రాలుతుంది. దాన్ని సన్నటి ఇసుకలో కలిపి తడి పొట్టు మీద చల్లాలి, పైన మట్టి కప్పకూడదు. వెలుతురు తగిలితేనే మొలకెత్తుతుంది. నీళ్లు పై నుంచి పోస్తే కొట్టుకుపోతాయి కాబట్టి పళ్లేన్ని నీళ్లలో పెట్టి కింది నుంచి పీల్చనివ్వాలి. రెండు మూడు వారాల్లో పచ్చటి నూకల్లా లేస్తాయి. పెద్దయ్యాక చూస్తే ఒక్కటీ తల్లి పోలిక కాదు. నర్సరీ వాడికి అది నష్టం. రకానికి అది ఆయుష్షు.

మన 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలని, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలని చెప్పింది. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి ఆఖరును గడువుగా పెట్టి, దాటితే నెలకు పది లక్షల రూపాయల జరిమానా అన్నాక రాష్ట్రాలు పరుగులు పెట్టాయి. దేశంలో రెండున్నర లక్షలకు పైగా రిజిస్టర్లు తయారయ్యాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ అయ్యాయి. అంత హడావుడిలో ఎన్ని ఊరి పెద్దలను అడిగి రాశారో, ఎన్ని పక్క మండలం కాగితం చూసి దించారో పంచాయతీల్లో అడిగితే చెబుతారు. 2023 సవరణ పరిశోధకులకు, ఆయుష్ వైద్యులకు అనుమతుల భారం తగ్గించింది. ఆ తరువాత ఊరి చేతిలో మిగిలిన బలమైన కాగితం ఈ రిజిస్టరే. రేపు ఏ నర్సరీ కంపెనీ అయినా అరుణాచల్ లోయలో కొత్త ఆకు రంగు చూసి ముచ్చటపడితే, లాభంలో ఊరి వాటా అడగడానికి ముందు చూపాల్సింది దాన్నే.

అందులో స్థానిక నామం, వాడే భాగం, వాడే తీరు రాసేందుకు గడులుంటాయి. బిగోనియా విషయంలో ఆ గడులు నింపగలిగేది వృక్షశాస్త్ర పట్టా ఉన్న వాళ్లు కారు. కాడ ఏ నెలలో లేతగా ఉంటుందో, చేపల పులుసులో ఎన్ని వేయాలో, ఏ వాగు పక్కన ఏ రకం దొరుకుతుందో, రోడ్డు పడ్డాక ఎక్కడ మాయమైందో తెలిసింది రోజూ అడవికి వెళ్లి కూర తెచ్చే ఆడవాళ్లకు. కమిటీలో మూడో వంతుకు తగ్గకుండా మహిళలు ఉండాలని 2004 నాటి నిబంధనల్లోనే రాశారు.